ధ్వని సూచికలు – తెలుగువారి వంశాన్వేషణ: సౌండెక్స్ పద్ధతి పరిశీలన

ఉపోద్ఘాతం

పాత దస్తావేజులలో పూర్వికులను వెదికేవారికి ఎదురయ్యే మొదటి అవరోధం వర్ణక్రమం. ఒకే పేరు ముగ్గురు గుమాస్తాల చేతిలో మూడు రూపాలు పొందుతుంది. రాతకు బదులు వినికిడిని ఆధారం చేసుకొని ఈ ఇబ్బందిని తొలగించడానికి ఏర్పడినవే ధ్వని సూచికలు. వాటిలో ప్రసిద్ధమైన సౌండెక్స్‌కు అమెరికాలో రాబర్ట్ సి. రస్సెల్ 1918లో పేటెంటు పొందాడు. తర్వాత అక్కడి 1880, 1900 జనాభా లెక్కలకు ఈ పద్ధతిలోనే సూచికలు తయారయ్యాయి. ఒప్పంద కూలీలుగా సముద్రాలు దాటిన తెలుగువారి సంతతి తమ స్వగ్రామాన్ని వెదుక్కొంటున్నప్పుడు ఈ పద్ధతి వారికి ఎంతవరకు తోడ్పడుతుందో పరిశీలించడం ప్రస్తుత వ్యాస లక్ష్యం.

సౌండెక్స్ నిర్మాణం

ఈ పద్ధతి ఆంగ్ల లిపిలోని పేరులో మొదటి అక్షరాన్ని యథాతథంగా ఉంచుతుంది. అచ్చులను, య, వ (డబ్ల్యు), హ ధ్వనుల అక్షరాలను విడిచిపెడుతుంది. మిగిలిన హల్లులను ఆరు వర్గాలుగా చేసి మూడు అంకెల సంకేతాన్ని ఇస్తుంది. ఈ వర్గీకరణ తెలుగు చదువరికి పూర్తిగా కొత్తది కాదు. గసడదవాదేశంలో క–గ, చ–స, ట–డ, త–ద, ప–వ జంటలుగా మారుతాయి. సౌండెక్స్‌లోనూ ఈ జంటలు ఒక్కొక్క వర్గంలోనే చేరుతాయి. అందువల్లనే 'గురజాడ' అన్న ఇంటిపేరును జకారంతో రాసినా, ఆంగ్లంలో 'జెడ్' అక్షరంతో రాసినా జి 623 అనే సంకేతమే వస్తుంది.

తెలుగు పేర్లతో చిక్కులు

మొదటి చిక్కు ఆద్యక్షరానిది. 'కందుకూరి'ని 'కె'తో మొదలుపెడితే కె 532, 'సి'తో మొదలుపెడితే సి 532. ధ్వని ఒకటే అయినా ఒకే కుటుంబం రెండు చోట్ల నమోదవుతుంది. వెంకన్న జనవ్యవహారంలో యెంకన్న, ఎంకన్న కూడా. వీటి సంకేతాలు వరుసగా వి 525, వై 525, ఇ 525. రెండవ చిక్కు దీనికి విరుద్ధమైనది. పల్లా, పిల్లా వేర్వేరు ఇంటిపేర్లు. సౌండెక్స్‌లో రెండూ పి 400. తెలుగులో అచ్చు అర్థభేదకమన్న సంగతి ఈ పద్ధతి పరిగణించలేదు.

మూడవది మరింత మౌలికమైనది. పేరులోని చివరి పదమే వంశనామమన్న భావన ఈ సూచికకు పునాది. తెలుగులో ఇంటిపేరు ముందుంటుంది. గురజాడ అప్పారావును 'రావు' కింద చేరిస్తే ఆర్ 000 వస్తుంది. రావులందరూ ఒకే వంశమవుతారు. నాయుడు సంగతీ ఇంతే. దక్షిణాఫ్రికాలో వంశనామంగా స్థిరపడిన ఈ బిరుదాన్ని ఎన్ని విధాలుగా రాసినా ఎన్ 300 వద్ద కలుస్తుంది. ఆ కలయిక రక్తసంబంధానికి సాక్ష్యం కాదు.

నౌకల జాబితాలు

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో నౌక డర్బన్ చేరింది. 1911 వరకు నెటాల్‌కు వెళ్లిన 1,52,184 మందిలో అధికభాగం మద్రాసు నుంచే బయలుదేరారు. నౌకల జాబితాలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం వంటి వివరాలు ఉన్నాయి. ఇంటిపేరుకు ప్రత్యేకమైన గడి లేదు. వెదికేవారి చేతిలో నేడున్న వంశనామం చాలాసార్లు ఆనాటి తాత పేరో, తండ్రి పేరో. కనుక ఇంటిపేరు సూచిక కన్నా వ్యక్తి పేరు, తండ్రి పేరు, గ్రామం అనే మూడింటి సూచికే ఇక్కడ అవసరం. ఇంటిపేరు తెలిసినా జాగ్రత్త తప్పదు. గురజాడ కృష్ణా జిల్లాలోని ఊరు. అప్పారావు జీవితం విజయనగరంతో ముడిపడింది. ఇంటిపేరులోని ఊరు వంశపు పాత వలసకు గుర్తు. కూలీ ఓడ ఎక్కేనాటి నివాసం అదే కానక్కరలేదు.

ప్రాస చూపే దారి

సౌండెక్స్ మొదటి అక్షరాన్ని బిగిస్తుంది. తెలుగు ఛందస్సులో ప్రాస రెండవ అక్షరపు హల్లును బిగించి, అచ్చుకు స్వేచ్ఛనిస్తుంది. హల్లుకు ముందు బిందువుంటే దాన్నీ పాటిస్తుంది. ఈ లక్షణాన్ని సూచికకు అన్వయిస్తే వెంకన్న, యెంకన్న, ఎంకన్న మూడూ ఒక్కచోట చేరుతాయి. సుంకన్న కూడా అక్కడికే వస్తాడు. అందుచేత తండ్రి పేరుకు, గ్రామానికి ఇదే పరీక్ష జరిపి, మూడూ కలిసిన చోటనే వయస్సును, నౌక చేరిన సంవత్సరాన్ని సరిచూడాలి. ఇటువంటి సవరణకు పూర్వోదాహరణ ఉంది. తూర్పు యూరప్ యూదుల పేర్లకు సౌండెక్స్ చాలనందువల్ల 1985లో డైచ్–మోకోటోఫ్ పద్ధతి వచ్చింది. అందులో ఆద్యక్షరం కూడా అంకెగా మారింది.

ముగింపు

సూచిక అభ్యర్థులను చూపుతుంది గాని పూర్వికుణ్ణి నిర్ణయించదు. సంకేతం కలిసినంత మాత్రాన బంధుత్వం నిశ్చయిస్తే, నాలుగైదు తరాల తర్వాత ఊరు వెదుక్కొంటూ వచ్చినవారు పరాయి ఇంటి గడపలో నిలబడవలసి వస్తుంది. తెలుగు ఉచ్చారణను, మాండలిక భేదాలను ఎరిగిన సూచికను రూపొందించే పని గణకశాస్త్రానిది మాత్రమే కాదు. భాషా సాహిత్యాల అధ్యయనానికి కూడా అందులో సమాన బాధ్యత ఉంది.