ఊరు మార్చగలిగినవాడు

పోయినేడాది మా బాబాయి కూతురికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయీ అమ్మాయీ మాట్లాడుకున్నారు, ఇద్దరికీ నచ్చింది. రెండు వారాల తర్వాత అటువైపు నుంచి ఫోన్లు ఆగిపోయాయి. మధ్యవర్తిని గట్టిగా అడిగితే అసలు సంగతి తెలిసింది. మా చెల్లి ఆఫీసు వాళ్ళతో గోవా వెళ్ళినప్పటి ఇన్‌స్టాగ్రామ్ ఫొటో స్క్రీన్‌షాట్ అయి, అబ్బాయి తరఫు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తిరిగిందట. తన అకౌంట్ ప్రైవేటే. ఫాలో అవుతున్నవాళ్ళలోనే ఎవరో తీశారు.

అన్నయ్య హోదాలో, పైగా సాఫ్ట్‌వేర్ వాణ్ణన్న ధీమాతో, నేను సలహాలు మొదలుపెట్టాను. క్లోజ్ ఫ్రెండ్స్ లిస్టు, ట్యాగ్ అప్రూవల్, పాత పోస్టుల ఆర్కైవ్. అంతా విని తను ఒక్కటే అడిగింది: "అన్నయ్యా, నీ పెళ్ళప్పుడు నీ ఫేస్‌బుక్ ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. చూడాల్సినవి మాత్రం ఒకప్పుడు ఉన్నాయి. 2010లో, ఇంజనీరింగ్ చదివేటప్పుడు, మా క్లాసమ్మాయి ఒకరి గురించి వెకిలి పోస్టులు పెట్టాను. పేరు రాయలేదు కానీ ఎవరి గురించో కాలేజీలో అందరికీ తెలుసు. లైకులు బాగానే వచ్చాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి కూర్చుని అన్నీ తీసేశాను. ఆ పనికి అప్పట్లో నేను పెట్టుకున్న పేరు 'ప్రైవసీ'.

చెల్లి ప్రశ్న బుర్రలో తిరుగుతుండగా 'కన్యాశుల్కం' మళ్ళీ చదివాను. 1892లో తొలిసారి ఆడి, 1897లో అచ్చయి, 1909లో గురజాడ బాగా పెంచి తిరగరాసిన నాటకం. అందులో ఇన్‌స్టాగ్రామ్‌ని వెతకడం అతితెలివే, ఒప్పుకుంటాను. కానీ పరువు ఎలా తయారవుతుంది, ఎలా చేతులు మారుతుంది అన్న విషయంలో ఇంత వివరంగా రాసిన పుస్తకం తెలుగులో నాకు ఇంకోటి కనపడలేదు.

గిరీశాన్ని మనం మాటకారిగా, నవ్వుకుంటూ చదువుతాం. ఈసారి అతను చేసే పని మీద నా చూపు పడింది. విజయనగరంలో అతని ఖాతా నిండిపోయింది. ఫొటోల డబ్బు కోసం మనిషి ఇంటికొస్తాడు. పూటకూళ్ళమ్మ వెతుక్కుంటూ వస్తే మంచం కింద దూరాలి. అందుకని శిష్యుడు వెంకటేశం వెంట కృష్ణరాయపురం బయల్దేరతాడు. అక్కడ అతని అప్పులు ఎవరికీ తెలీవు. అగ్నిహోత్రావధాన్లకి కోర్టు కాగితాల్లో సాయపడే ఇంగ్లీషు కుర్రాడిగా, బుచ్చమ్మకి వితంతు వివాహాల సంస్కర్తగా, సౌజన్యారావు పంతులుకి నాచ్ వ్యతిరేకిగా కనిపిస్తాడు. చూసేవాణ్ణి బట్టి ఒక్కో ప్రొఫైల్. ఒక ఊరి కబురు ఇంకో ఊరు చేరేలోపు ఉండే వ్యవధే అతని ప్రైవసీ.

మధురవాణికి ఆ వ్యవధి లేదు. రామప్పపంతులు వెంట ఏ ఊరు వెళ్ళినా 'సాని' అన్న మాట ఆమె కంటే ముందే వెళ్ళి కూర్చుంటుంది. నాటకంలో అందరికంటే మంచి పని, చెయ్యని హత్యానేరంలోంచి లుబ్ధావధాన్లని తప్పించడం, ఆమె చేతుల మీదుగానే జరుగుతుంది. అందుకోసం కూడా సౌజన్యారావు ఇంటికి తనలా వెళ్ళలేదు. మగవేషం కట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది.

గిరీశమూ దాస్తున్నాడు, మధురవాణీ దాస్తోంది. అయితే అతను దాచేది తను ఇతరులకి చేసిన పనిని. ఆమె దాచుకునేది ఇతరులు తన మీద వేసిన ముద్రని. గిరీశం నిజస్వరూపం బయటపెట్టేది ఎవరి మాటకి సమాజంలో విలువ లేదో ఆ మనిషే కావడం గురజాడ ఊరికే చేసిన ఏర్పాటని నాకనిపించదు.

మనం ఈ రెండిటికీ ఒకే బటన్ వాడుతున్నాం. చట్టమూ ఆ తేడా దగ్గర తడబడుతుంది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, అందులో మన వివరాలు తీసెయ్యమని కంపెనీని అడిగే హక్కు ఉంది. అదే చట్టం, ఒక వ్యక్తి సొంత లేదా ఇంటి అవసరానికి వాడే డేటా తనకి వర్తించదనీ అంటుంది. పెళ్ళి మాటల కోసం స్క్రీన్‌షాట్ పంపిన పెద్దమనిషి ఆ సందులోంచి హాయిగా వెళ్ళిపోగలడు.

పైగా డిలీట్ అనేది కూడా చాలాసార్లు మాట వరసకే. నేను పనిచేసిన డేటాబేసుల్లో యూజర్ ఏదైనా తీసేస్తే వెంటనే చెరిపేవాళ్ళం కాదు. ఆ వరసకి 'డిలీటెడ్' అని గుర్తు పెట్టి, తెర మీద కనపడకుండా చేసేవాళ్ళం. గిరీశం కృష్ణరాయపురం వెళ్ళడం సరిగ్గా అదే. విజయనగరంలో వరస అలాగే ఉంది.

ఇక్కడ గురజాడతో నాకొక పేచీ ఉంది. లేచిపోయి వచ్చిన బుచ్చమ్మకి ఇక పుట్టింట్లో చోటు లేదు. అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆమే. చివరికి ఆమెని పూనా వితంతు శరణాలయానికి పంపాలని నిర్ణయించేది సౌజన్యారావు. ఉద్దేశం మంచిదే. కానీ నీ గురించి ఎవరికి ఏం తెలియాలి, నువ్వు ఎక్కడుండాలి అని బుచ్చమ్మని ఒక్కరైనా అడగరు. మధురవాణికి అంత మాట ఇచ్చిన రచయిత బుచ్చమ్మకి రెండు మాటలు మిగల్చలేదేమని ప్రతిసారీ అనిపిస్తుంది. మా చెల్లి విషయంలో నేనూ సెట్టింగుల గురించే మాట్లాడాను, ఆ ఫొటో ఉంచాలనుందా అని అడగలేదు.

ఆ క్లాసమ్మాయికి క్షమాపణ చెప్తూ మెసేజ్ రాసుకున్నాను. ఇంకా పంపలేదు. పంపితే అది ఆమె కోసమా, నా పేరు కడుక్కోడానికా అన్నది తేలలేదు. నా పోస్టులు తెర మీద లేవు కానీ, ఆమెకి గుర్తుండే ఉంటాయి.

మా చెల్లి గోవా ఫొటో తియ్యలేదు. ఫాలోయర్లని మాత్రం సగానికి తగ్గించింది. తీసేసినవాళ్ళలో ఇద్దరు మా చుట్టాలు.