లినక్స్‌కు మారవచ్చా?

మీ ఇంట్లో ఎనిమిది, పదేళ్ల నాటి కంప్యూటర్ ఉందా? అందులో విండోస్ 10 నడుస్తోందా? అయితే ఈ ప్రశ్న మీదే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కంపెనీ ఆమోదించిన ప్రాసెసర్ ఉండాలి. పాత యంత్రాల్లో చాలావాటికి ఆ యోగ్యత లేదు. మరి బాగా పనిచేస్తున్న యంత్రాన్ని మూలన పడేయాలా?

"అక్కర్లేదు, లినక్స్ వేసుకోండి, అన్నీ నడుస్తాయి" అంటారు కొందరు. "అది ఇంజనీర్లకే, మనవల్ల కాదు" అంటారు మరికొందరు. ఈ రెండు మాటల్లోనూ సగమే నిజం ఉంది.

లినక్స్ అంటే అసలు ఒక కెర్నల్. అంటే యంత్ర భాగాలకూ, ప్రోగ్రాములకూ మధ్య నిలబడి పనులు పంచే కీలక భాగం. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ దీన్ని రాయడం మొదలుపెట్టాడు. దానికి తక్కిన సాఫ్ట్‌వేర్ జోడించి ఉబుంటు, మింట్, ఫెడోరా వంటి పంపిణీలను తయారు చేస్తారు. మన దేశంలో సీ-డాక్ 'బాస్'ను, హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు రూపాన్ని తయారు చేశాయి.

ముందు రోజువారీ పనుల సంగతి చూద్దాం. లినక్స్ మింట్‌కు 2 జీబీ మెమరీ ఉంటే చాలు. 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్, వీఎల్‌సీ అన్నీ ఉచితమే. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు యూనికోడ్‌లో టైపు చేసుకోవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. కాబట్టి "ఇంజనీర్లకే" అన్న వాదన నిలవదు.

అయితే "అన్నీ నడుస్తాయి" అన్న మాటా నిలవదు. పేజ్‌మేకర్, ఫొటోషాప్‌లతో పనిచేసే డీటీపీ వారికి లినక్స్‌లో చిక్కులు తప్పవు. పరీక్షల్లో వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ విండోస్, మ్యాక్, ఐప్యాడ్‌లకే ఉంది. కొన్ని వైఫై చిప్‌లు, ప్రింటర్లు మొరాయిస్తాయి.

ఇక ఆటలు. విండోస్ ఆట చిత్రం గీయడానికీ, ఫైలు తెరవడానికీ విండోస్‌ను అడుగుతుంది. 1993లో మొదలైన వైన్, దాని ఆధారంగా 2018లో వాల్వ్ సంస్థ విడుదల చేసిన ప్రోటాన్ ఇక్కడ దుబాసీ పని చేస్తాయి. ఆట అడిగినదాన్ని లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెబుతాయి. డైరెక్ట్ఎక్స్ ఆదేశాలను వల్కన్ ఆదేశాలుగా మారుస్తాయి. ఆటలోని లెక్కలన్నీ నేరుగా ప్రాసెసర్ మీదే జరుగుతాయి కనుక వేగం పెద్దగా తగ్గదు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ ఈ పద్ధతి మీదే వేలాది ఆటలను నడుపుతోంది.

కానీ దుబాసీకి ప్రవేశం లేని చోట్లున్నాయి. పోటీ ఆటల్లో మోసాన్ని పట్టే కొన్ని సాఫ్ట్‌వేర్లు విండోస్ కెర్నల్ లోపలే కూర్చుంటాయి. వేలరెంట్ అందుకే లినక్స్‌లో నడవదు. ఫోర్ట్‌నైట్ అనుమతించదు. ఏపెక్స్ లెజెండ్స్ 2024 అక్టోబర్‌లో లినక్స్ ఆటగాళ్లకు తలుపు మూసేసింది. ఇది లినక్స్ చేతకానితనం కాదు, ఆట యజమానుల నిర్ణయం. అయినా మీ ఆట ఆగిపోతే కారణం ఎవరిదైతేనేం?

"మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్నదీ లినక్స్ కెర్నలే, మరి కష్టమెక్కడ?" అని అభిమానులు అడుగుతారు. ఈ వాదనలో ఒక లోపం ఉంది. ఫోన్‌లోనూ, స్టీమ్ డెక్‌లోనూ యంత్రానికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ను అమర్చే శ్రమ తయారీదారు పడ్డాడు. పాత కంప్యూటర్‌లో ఆ శ్రమ మీమీద పడుతుంది. విండోస్ పాడైతే బాగుచేసే షాపు వీధికొకటి ఉంది. లినక్స్ తెలిసినవారు అంత సులువుగా దొరకరు. డబ్బు ఖర్చు లేదు గాని సమయం ఖర్చు ఉంది.

కనుక వాదనలు విని నిర్ణయించకండి, పరీక్షించి చూడండి. మీరు తప్పనిసరిగా వాడే ప్రోగ్రాములు, ఆడే ఆటలు ఒక కాగితం మీద రాసుకోండి. మింట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా దానినుంచే నడపండి. వైఫై, శబ్దం, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. నచ్చితే, మీ ఫైళ్లన్నీ వేరేచోట భద్రపరచుకున్నాకే ఇన్‌స్టాల్ చేయండి. చదువు, రాత, ప్రోగ్రామింగ్ మీ పనులైతే మారడానికి వెనకాడనక్కర్లేదు. జాబితాలో పైన చెప్పిన పోటీ ఆటలుంటే మాత్రం, ప్రస్తుతానికి విండోస్‌ను వదలకపోవడమే మంచిది.