థర్మాకోల్ పట్టుకున్నవాడు

భీమిలి తీరాన కాలేజీ పిల్లలు పాట తీస్తుంటే అందరి చూపూ కెమెరా మీదే. నా చూపు మాత్రం థర్మాకోల్ షీటు పట్టుకున్నవాడి మీద. ఇక్కడ పొద్దు సముద్రంలోంచే పొడుస్తుంది కదా, అలలు వెనక కనబడేలా నిలబెడితే పాడే పిల్ల ముఖం నల్లబడిపోతుంది. వాడు ఫ్రేముకి కాస్త అవతల మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఎండనే ఆమె చెంపల మీదికి మళ్లిస్తాడు. వెండి కాగితం అంటించిన వైపు కళ్లు చిట్లించేలా చేస్తుంది. అందుకే తెల్లవైపు తిప్పుతాడు. గాలికి షీటు తెరచాపలా గుంజేస్తున్నా వదలడు. స్లోమోషన్ కోసం సెకనుకి 50 ఫ్రేములు తీస్తూ, స్పీకర్లో పాటని రెట్టింపు వేగంతో పెడతారు. 25కి దించితే పెదవులు పాటతో కలుస్తాయి, జుట్టు మాత్రం తీరిగ్గా ఎగురుతుంది. వేగం పెంచిన పాటలోని ఆ కీచుగొంతుకి అందరూ పగలబడి నవ్వినా వాడు బిగబట్టుకుంటాడు. షీటు కదిలిందంటే టేకు మళ్లీ మొదటికే!