సెవిల్‌లో నిలబడి భోజనం

స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో సాయంత్రం ఆరున్నరకో ఏడింటికో రాత్రి భోజనం అడిగితే దొరకడం కష్టం. కేథడ్రల్ చుట్టూ, టూరిస్టుల కోసం బొమ్మల మెనూ వాకిట్లో నిలబెట్టిన హోటళ్లు పెడతాయి గానీ, మంచి వంటగదులు ఎనిమిది దాటితే తప్ప తెరుచుకోవు. ఊరివాళ్లు తొమ్మిదిన్నర తర్వాత బయల్దేరతారు. మధ్యాహ్న భోజనం రెండున్నరకు. ఇదంతా స్పెయిన్ వాళ్ల బద్ధకం అనేవాళ్లున్నారు. ఆ మాట అన్యాయం. 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం దేశంలోని గడియారాలను గంట ముందుకు జరిపి జర్మనీ సమయంతో కలిపింది, మళ్లీ వెనక్కి జరపలేదు. లండన్ కంటే పడమరగా ఉన్న సెవిల్‌లో అందువల్ల జూన్ నెలలో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాటాక అస్తమిస్తాడు. దానికి తోడు ఎండ. జూలై, ఆగస్టుల్లో 40 డిగ్రీలు అక్కడ మామూలు మాట. రోహిణి కార్తె ఎరిగిన మనకు, మధ్యాహ్నం తలుపులు వేసుకుని చల్లబడ్డాక బయటికొచ్చే ఊరి తెలివి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు.

సెవిల్‌ను ఒక్క రోజులో చూడాలనుకునేవారు ముందు ఈ వేళలకు లొంగాలి. ఆ తర్వాత తినే పద్ధతికి.

అక్కడ నలుగురు కలిసి బయట తినడమంటే ఒక బల్ల దగ్గర కూర్చుని కడుపు నింపుకోవడం కాదు. ఒక బార్‌లో కౌంటర్ దగ్గర నిలబడి ఒక చిన్న పళ్లెం, ఒక చిన్న గ్లాసు తీసుకుంటారు. కాసేపు కబుర్లు. డబ్బు ఇచ్చేసి పక్క వీధిలో మరో బార్‌కు. ఆ చిన్న పళ్లెమే టపా. అదే వంటకం సగం పళ్లెం కావాలంటే మేదియా రసియోన్, నిండుగా కావాలంటే రసియోన్. గ్రనడా నగరంలో డ్రింకు తీసుకుంటే టపా ఊరికే ఇస్తారు. సెవిల్‌లో డబ్బు కట్టాలి, కానీ ఏది తినాలో మనమే ఎంచుకుంటాం. నాకు ఇదే నచ్చుతుంది. బీరు గ్లాసు కూడా చిన్నదే, పెద్దదైతే ఆ వేడికి తాగేలోపే చల్లదనం పోతుంది. మద్యం ముట్టనివాళ్లు నీళ్లు తెప్పించుకున్నా ఎవరూ వింతగా చూడరు. ఎల్ రిన్కోన్సియో అనే పాత బార్ 1670 నాటిది. అక్కడ మీరు తిన్నవాటి లెక్క ఇప్పటికీ మీ ఎదుట కౌంటర్ చెక్క మీదే సుద్దముక్కతో రాస్తారు. డబ్బు ఇచ్చాక తుడిచేస్తారు.

ఏ వంటకాన్నైనా నాలుక మొదటి నాలుగు ముద్దలే శ్రద్ధగా అందుకుంటుంది. ఆ తర్వాత చేయి అలవాటుగా నోటికి వెళుతూ ఉంటుంది. టపా ఆ నాలుగు ముద్దల దగ్గరే ఆగుతుంది. ఒక్కో బార్‌కు చేయి తిరిగిన వంటకాలు ఒకటో రెండో ఉంటాయి, వాటినే అడిగి తిని లేచిపోవడం వండినవాళ్లకు ఇచ్చే మర్యాద. చూడటంలోనూ ఈ పద్ధతి పాటించాలని నా గట్టి నమ్మకం. కేథడ్రల్, అల్కాసర్ రాజకోట, ప్లాసా దె ఎస్పాన్యా, మ్యూజియాలు అన్నీ ఒక్క రోజులో కుక్కితే రాత్రికి ఫోన్‌లో ఫొటోలుంటాయి, కళ్లలో ఏమీ ఉండదు.

నన్నడిగితే పొద్దున కాల్చిన రొట్టె మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె పోయించుకుని తిని, నేరుగా అల్కాసర్‌కు వెళ్లమంటాను. క్రైస్తవ రాజు మొదటి పేద్రో 1364 ప్రాంతంలో కట్టించుకున్న మహలు అందులో ఉంది. గ్రనడా, టొలేదోల నుంచి వచ్చిన పనివాళ్లు దాన్ని ముస్లిం సుల్తానుల కోటలా తీర్చిదిద్దారు. ముఖద్వారం మీద నీలం, తెలుపు పెంకులతో ‘అల్లా తప్ప విజేత లేడు’ అన్న గ్రనడా పాలకుల నినాదం అరబ్బీ లిపిలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దాని చుట్టూ పేద్రోను కీర్తించే అక్షరాలు గోథిక్ లిపిలో ఉంటాయి. ఆ గోడ ముందు తొందరపడకండి. ఇక కేథడ్రల్‌లో నేను హిరాల్దా గోపురాన్నే ఎంచుకుంటాను. 12వ శతాబ్దం చివర మసీదు మినారుగా కట్టి, 16వ శతాబ్దంలో పైన గంటల అంతస్తు చేర్చారు. లోపల మెట్లకు బదులు 35 ఏటవాలు దారులున్నాయి, చివర్లో మాత్రమే కొన్ని మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ మెల్లగా ఎక్కగలరు.

ఈ కలగలుపే మధ్యాహ్నం పళ్లెంలోకి వస్తుంది. సెవిల్ వంటకం ఒక్కటే తినే వీలుంటే పాలకూర, కాబూలీ శనగల కూర తినండి. ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్ అంటారు. ఆలివ్ నూనెలో వెల్లుల్లి, రొట్టె ముక్కలు వేయించి నూరి, జీలకర్ర, ఎర్ర మిరపపొడి కలిపి పాలకూరతో దగ్గరగా ఉడికిస్తారు. ఈస్టర్‌కు ముందు మాంసం మానే రోజుల వంట ఇది, ఇప్పుడు ఏడాదంతా దొరుకుతుంది. జీలకర్ర వాసన తగలగానే తెలుగువాడి ప్రాణం కుదుటపడుతుంది. పాలకూర పర్షియా నుంచి అరబ్బుల చేతుల మీదుగా ఆ నేలకు చేరింది. వంకాయా, వీధుల్లో వేలాదిగా నిలిచిన చేదు నారింజ చెట్లూ వాళ్లు తెచ్చినవే.

వాటిని తెచ్చిన మనుషులు గానీ, వాళ్ల పక్కన బతికిన యూదులు గానీ మిగల్లేదు. పూలకుండీలతో ముచ్చటగా కనిపించే సాంతా క్రూస్ సందులు ఒకప్పటి యూదుల పేట. 1391 జూన్‌లో అల్లరిమూకలు ఆ పేట మీద పడి ఊచకోత కోశాయి. మిగిలిన యూదులను 1492లో స్పెయిన్ నుంచే వెళ్లగొట్టారు. మతం మార్చుకున్న ముస్లింల వారసులనూ 1609 నుంచి తరిమేశారు. గైడ్లు ఆ సందుల్లో ప్రేమకథలు ఎక్కువగా చెబుతారు. ఈ కథ కూడా చెప్పించుకోవాలి. శనగలూ పాలకూరా రుచిగా తిన్నవాళ్లకు ఆ మాత్రం బాధ్యత ఉంది.

ఆ పళ్లెంలోని మిరపపొడి మరో దిక్కు నుంచి వచ్చింది. 1503 నుంచి రెండు శతాబ్దాలకు పైగా స్పెయిన్ అమెరికా వ్యాపారాన్ని నడిపించింది సెవిల్ నగరమే. కేథడ్రల్ పక్కనున్న ఇండీస్ ఆర్కైవ్‌లో ఆ కాలపు కాగితాలు సుమారు 8 కోట్ల పుటలున్నాయి. 1608లో ఇక్కడి ఒక ఆస్పత్రి సలాడ్ కోసం టమాటాలు కొన్నట్టు లెక్కల్లో ఉంది. ఆ ఆస్పత్రి భవనంలో ఇప్పుడు సెవిల్ ఉన్న ఆందలూసియా ప్రాంతపు శాసనసభ నడుస్తోంది. మన మిరప వేరే దారిన, పోర్చుగీసు ఓడల్లో గోవా మీదుగా వచ్చింది. అంతకుముందు మన వంటింట్లో కారమంటే మిరియాలే. టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె మెత్తగా రుబ్బి చల్లగా ఇచ్చే సాల్మొరేహో తింటున్నప్పుడు, టమాటా రాకముందు వీళ్లూ మనమూ ఏం తిన్నామో ఊహించడం నాకు ఇష్టమైన పని.

శాకాహారులకు ఒక జాగ్రత్త. సాల్మొరేహో మీద హామ్ ముక్కలు, ఉడికించిన గుడ్డు చల్లుతారు. ‘సిన్ హమోన్, సిన్ ఉయేవో’ అంటే అవి లేకుండా ఇస్తారు. సలాడ్‌లో చెప్పకుండానే ట్యూనా చేప వేస్తారు, ముందే అడగండి. చెరకు పాకం పోసిన వంకాయ వేపుళ్లకు మాత్రం ఈ బెడద లేదు. పయేయా అడగకండి, అది వలెన్సియా వంట.

మధ్యాహ్నం గదికెళ్లి పడుకోండి. ఎండ వాలాక ఇసబెల్ వంతెన దాటి త్రియానాకు నడవండి. కుమ్మరుల పేట అది. 1929 ప్రదర్శన కోసం కట్టిన ప్లాసా దె ఎస్పాన్యాకు పెంకులు ఎక్కువగా ఇక్కడి బట్టీల్లోనే కాలాయి. వంతెన దిగగానే కనిపించే కూరగాయల మార్కెట్ కింద, మతవిచారణ (ఇన్‌క్విజిషన్) అధికారులు నడిపిన కోట పునాదులున్నాయి. తొమ్మిదిన్నరకు పేటలోని ఏదో ఒక కౌంటర్ దగ్గర చోటు చూసుకోండి. పక్కవాళ్లు ఏం తింటున్నారో చూసి వేలితో చూపించినా చాలు, భాష రానక్కర్లేదు.

అల్కాసర్ టికెట్టు మాత్రం రోజుల ముందే, ఉదయపు మొదటి ప్రవేశానికి కొనుక్కోండి. మిగతా రోజంతా దేనికీ టైము పెట్టుకోకండి. నారింజ పూత కావాలంటే మార్చిలో వెళ్లండి, రద్దీ తగ్గాలంటే నవంబరులో. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని జూలై, ఆగస్టుల్లో మాత్రం వెళ్లకండి.