తెల్లారేదాకా నవ్వించే జోక్కర్

రాయ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో నాచా అనే జానపద నాటకం రాత్రి బాగా పొద్దుపోయాక మొదలై తెల్లారేదాకా సాగుతుంది. దాన్ని భుజాన మోసేవాడు జోక్కర్, మన తోలుబొమ్మలాట కేతిగాడికి దగ్గరి చుట్టం. ఒక జోక్కర్ మాట విసురుతాడు, రెండోవాడు దానికి పెడర్థం తీసి తిప్పికొడతాడు. ముందు వరసలో కూర్చున్న ఊరిపెద్ద ముఖం చూసి, ఎంతదాకా లాగాలో అప్పటికప్పుడు తేల్చుకుంటారు. అసలు పనితనమంతా ఆ కొలతలోనే ఉంది.

1923లో రాయ్‌పూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ లండన్‌లో నాటకం చదివొచ్చి, ఈ నాచా కళాకారులనే తన నయా థియేటర్ బృందానికి ప్రాణం చేసుకున్నారు. వాళ్ల నాటకం ‘చరణ్‌దాస్ చోర్’ 1982లో ఎడిన్‌బరో ఫ్రింజ్‌లో బహుమతి గెలిచింది. బ్రిటిష్ స్టాండప్ కమెడియన్లు తమ సత్తా తేల్చుకునే ఉత్సవం అదే.

అదే బృందం ఆడిన, అంటరానితనాన్ని ఎగతాళి చేసే ‘పోంగా పండిత్’ మీద మాత్రం 1990లలోనూ 2003లోనూ పెద్ద గొడవలయ్యాయి. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ పల్లెల్లో పడీపడీ నవ్విన ఆటే అది! ఒకరికి చక్కిలిగింత, మరొకరికి చురక. నొచ్చుకున్నవాళ్లను నేను కొట్టిపారేయను. బలహీనుణ్ణి గేలిచేసే జోకు నాకు సహించదు. కానీ పెత్తనాన్ని గిల్లే జోకు ఎంత మోటుగా ఉన్నా నా ఓటు దానికే.

చరణ్‌దాస్‌గా నటించిన గోవిందరామ్ నిర్మల్కర్‌కి 2009లో పద్మశ్రీ వచ్చింది. రాయ్‌పూర్‌లో ఉంటున్న తెలుగువాళ్లారా, దగ్గర్లో నాచా ఉందని తెలిస్తే తప్పకుండా వెళ్లండి. జోక్కర్ చేతిలో ఓ నోటు పెట్టి రండి.