పెద్దమ్మ పుట్టుమచ్చ

మేనకోడలి పెళ్ళి ఆల్బమ్ ఈ వారం ఇంటికొచ్చింది. ఒళ్ళో పెట్టుకుంటే మోకాళ్ళు లాగేంత బరువు. తలంబ్రాల షీటు దగ్గర ఆగిపోయాను. పెద్దమ్మ ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ లేదు! ఆవిడ ఎస్సెల్సీ పుస్తకంలో గుర్తింపు కింద రాసింది ఆ మచ్చే. మొహం పాలిష్ పట్టిన బియ్యంలా ఉంది.

ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేశాను. "డిజైనింగ్ బయటికిస్తాం బాబాయ్‌గారూ. మూడువేల ఫొటోలు, తెల్లారితే ఇంకో ముహూర్తం, నేనెప్పుడు కూర్చోనండీ?" అన్నాడు. చేసినవాడు షీటు లెక్కన పనిచేసే కుర్రాడట, ఏ ఊరో ఇతనికీ తెలీదు. గన్నవరం పక్కన కేసరపల్లిలో మేధా టవర్స్, హెచ్‌సీఎల్ క్యాంపస్ ఉన్నాయి. పైదేశాల పని మన గన్నవరానికొస్తుంటే, మన పెద్దమ్మ మొహం ఊరూ పేరూ తెలియనివాడి చేతికా అని ఒళ్ళు మండింది.

నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసే రోజుల్లో ఇలా జరిగేదా? మా ఊరి స్టూడియో ఆయన నెగెటివ్‌ని ఏటవాలు డెస్కు మీద, వెనక వెలుతురు పడేలా పెట్టేవాడు. నున్నటి ఫిల్ము మీద పెన్సిల్ నిలవదు కనుక ముందు వార్నిష్‌లాంటి మందు పల్చగా రాసేవాడు. నెగెటివ్‌లో అంతా తలకిందులు. ముడత అక్కడ తేటగా కనిపిస్తుంది, ఆ తేట చోటు నింపితే ప్రింటులో ముడత పోతుంది. గీత గీయకూడదు. సూదిలా చెక్కిన మొనతో చుక్కలు, కామాలు. చెయ్యి ఎక్కువ పడిందా, మనిషి పిండిబొమ్మే.

అయితే ఆయన చేసింది చిల్లర పనే. ఈ మాట ఇన్నేళ్ళూ రాయలేదు. పెళ్ళి నెగెటివ్‌లు బస్సులో విజయవాడ గవర్నరుపేటకి వెళ్ళేవి. అక్కడి టచింగ్ మనిషి మా ఊరి మొహం ఒక్కటీ ఎరగడు. కానీ ప్రతి కవరు మీదా మా స్టూడియో ఆయన చేతిరాత: "మొటిమలు తీయాలి. మచ్చ ఉంచాలి. పెద్దాయన ముడతలు సగమే."

2002లో ఫొటోషాప్ 7తో వచ్చిన హీలింగ్ బ్రష్‌కి మొటిమా, పుట్టుమచ్చా ఒకటే. ఆ కుర్రాడికి మాత్రం చెప్పిందెవరు? ఫొటోల సెలక్షన్ రోజు నేనూ అక్కడే ఉన్నాను. కాఫీ తాగి, నంబర్లకి టిక్కులు పెట్టి వచ్చేశాను.

బయటికిచ్చినందుకు ఫొటోగ్రాఫర్ మీద ఇప్పుడు కోపం లేదు. ఆల్బమ్ విప్పడం కుదరదట. అసలు ఫైలు హార్డ్ డిస్కులో ఉంది కాబట్టి ఆ ఒక్క ఫొటో మచ్చతో ప్రింటు వేసి ఫ్రేము కట్టిస్తానన్నాడు. మీ ఇంట్లో సెలక్షన్ ఇంకా కాకపోతే, నంబర్ల పక్కన మచ్చలు కూడా రాసివ్వండి.