కట్టమంచివారి పునరాగమనము

విదేశములందుఁ బనిచేసి మరలివచ్చిన యధ్యాపకులకు స్వస్థలమునఁ గుదురు చిక్కదని నేఁడు తఱచుగా విందుము. లోపము వచ్చినవారిదా, ఇంటనున్నవారిదా? కట్టమంచి రామలింగారెడ్డిగారి గ్రంథద్వయమును బట్టి దీనిని విచారింపవచ్చును.

రెడ్డిగారు 1902లోఁ గేంబ్రిడ్జి కేఁగిరి. మరలివచ్చి బరోడా, మైసూరులందుఁ బనిచేసి, 1914లోఁ గవిత్వతత్త్వవిచారమును వెలువరించిరి. భావనాశక్తియే కవితకుఁ బ్రాణమని యందుఁ జెప్పఁగా, ఇది దొరల సరకని కొందఱు పండితులు ముఖము త్రిప్పిరి.

వారు మఱచిన దొకటి కలదు. విషాదాంతమగు ముసలమ్మమరణమును రెడ్డిగారు 1899లోనే, ఓడ యెక్కకమునుపే, రచించిరి. ఆ కథ మా యనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రపుఁ జెఱువుది. వాన కఱవైన యీ మెట్టనేలలోఁ జెఱువుకట్ట తెగుటయన్న నూరి బ్రదుకు తెగుటయే. ఒక యింటికోడలు తన్నుఁ దాన గండికి బలియిచ్చుకొని యూరు నిలిపినది. పురాణమును విడిచి పల్లెకథను బట్టిన యా చూపు కేంబ్రిడ్జి యిచ్చినది కాదు. చెన్నపురి చదువు కొంత యిచ్చినదేమో!

మిత్రునివలె వచ్చి చేరునది యాగమము, శత్రువువలె నున్నదానిఁ ద్రోచి కూర్చుండునది యాదేశము అని వైయాకరణుల వాడుక. సూరన కళాపూర్ణోదయమునందలి కథాకల్పనను మెచ్చుచోట రెడ్డిగారి పరదేశవిద్య యాగమమే. ప్రబంధవర్ణనలను, ఆ కవు లెఱుఁగని కొలబద్దతోఁ గొలిచి త్రోసివేయుచోట నది యాదేశమైనది. అచ్చట నే నొప్పుకొనఁజాలను. కాని గ్రంథమును విప్పకయే గ్రంథకర్త ప్రయాణమును నిందించువారితోను నాకుఁ బొత్తు కుదురదు. మైసూరు కళాశాలలోఁ దెలుఁగు చెప్పుటకు రెడ్డిగా రెన్నుకొన్నది మా జిల్లావారగు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారిని. వారు పరకాలమఠమున సంస్కృతముఁ జదివినవారు.